కాందిశీకుల కొరకు కచేరి

1971 ఆగస్టు 1వ తేదీ ఆదివారమునాడు న్యూయార్కు నగరమందలి మాడిసన్ స్క్వేర్ గార్డెన్ అను విశాల మందిరములో, వేలకొలది శ్రోతలు క్రిక్కిరిసి కూర్చుండగా, పండిత రవిశంకరు సితారును, ఉస్తాద్ అలీ అక్బర్ ఖాను సరోదును శ్రుతి చేసికొనుచుండిరి. శ్రుతి కుదిరి వాద్యము లొక్క క్షణము విరామము పొందినంతనే సభయంతయు కరతాళధ్వనులతో మారుమ్రోగెను. శ్రుతి చేయుటయే మీ కింత ఇంపైనచో, వాయించుట మరింత నచ్చునని తలంతునని రవిశంకరు పలికిన చమత్కారము రికార్డులో నేటికిని వినవచ్చును. ఈ ముచ్చటను చెప్పికొని నవ్వువారే గాని, రాక్ సంగీతముకొరకు టిక్కెట్టు కొనివచ్చిన యువజనుల యెదుట, రాగమనిన నేమో తాళమనిన నేమో యెరుగని ఆ సభలో, మొట్టమొదట హిందూస్థానీ వాద్యగోష్ఠి నుంచుట యెంతటి సాహసమో ఆలోచించువారు తక్కువ.

ఆ సాహసమునకు ప్రేరకమైన దుఃఖము సామాన్యమైనది కాదు. 1970 నవంబరులో వచ్చిన తుపాను నాడు పాకిస్తానులో భాగమైన తూర్పు బంగాళపు తీరమున లక్షలమందిని పొట్టనబెట్టుకొనెను. ఆ మరుసటి నెల జరిగిన యెన్నికలలో తూర్పు బంగాళపు పక్షమైన అవామీలీగు పూర్ణాధిక్యము గాంచినను పాకిస్తాను పాలకు లధికారము నప్పగింపరైరి. 1971 మార్చి 25 రాత్రి ఢాకాపై సైన్యమును ఉసికొల్పిరి. నాటినుండి డిసెంబరువరకు సరిహద్దు దాటి భారతదేశమునకు వచ్చిన కాందిశీకులు దాదాపు ఒక కోటి. కలకత్తా శివార్లలోని సాల్ట్ లేక్ ప్రాంతమున, మురుగునీటి పనులకై తెచ్చి పడవేసిన సిమెంటు గొట్టములలో సయితము కుటుంబములు కాపురముండెను. వానలు పట్టినంతనే కలరా వ్యాపించెను.

రవిశంకరు కాశీలో పుట్టినవాడే యైనను, ఆయన పూర్వులది జెస్సోరు ప్రాంతము. అలీ అక్బర్ ఖాను జన్మస్థానమే తూర్పు బంగాళములోని శివపూరు గ్రామము. ఆయనకు తండ్రియు, రవిశంకరునకు గురువును అయిన అల్లావుద్దీన్ ఖానుగారు పుట్టినదియు నచ్చటనే. కావున వేదికపై నున్న యీ యిరువురకు పత్రికలలో వచ్చు ఊళ్ళ పేర్లు చుట్టముల యిండ్ల పేర్లవంటివి. ఒక కచేరి చేసి యిరువదియైదువేల డాలర్లు కూడబెట్టి పంపవలెనన్నదే రవిశంకరుని తొలి సంకల్పము. ఆ మాట శిష్యుడును మిత్రుడును అయిన జార్జి హారిసన్ చెవిని వేయగా, ఆ బీటిల్సు గాయకుడు సుమారు ఐదు వారములలో బాబ్ డిలన్, ఎరిక్ క్లాప్టన్, రింగో స్టార్ మొదలగువారిని కూడగట్టి, ఒకే దినమున రెండు సభలు జరిపి, నలుబదివేలమందిని రప్పించెను.

ఆనాడు అల్లా రఖా తబలాతో వాయించిన కృతికి ‘బాంగ్లా ధున్’ అని పేరు. బంగాళదేశపు జానపద బాణీల ననుసరించిన ఈ ధున్ గంటలకొలది సాగు రాగాలాపనము కాదు. పావుగంటకు కొంచెము మించి ముగియును. శాస్త్రీయతను పలుచన చేసిరని శంకించువారికి నా సమాధానమిది: దేశము గోల్పోయినవారి నిమిత్తము వాయించునపుడు దర్బారు రాగముకంటె పడవవాని పాటయే యుచితము. సితారు సరోదుల సంవాదము చివర ద్రుతగతి నందుకొని తబలాతో పోటీపడు ఘట్టమును విన్న యెవరును విద్వత్తుకు లోటు కలిగెననరు.

ధనము సంగతి క్లుప్తముగా చెప్పెదను. టిక్కెట్లపై వచ్చిన సుమారు 2,43,000 డాలర్లు యూనిసెఫ్ సంస్థకు చేరెను. రికార్డులమీదను చలనచిత్రముమీదను వచ్చిన లక్షలు మాత్రము, పన్ను మినహాయింపునకు ముందుగా దరఖాస్తు చేయని కారణమున, అమెరికా ఆదాయపు పన్ను చిక్కులలో పడి ఏండ్లతరబడి నిలిచిపోయెను. శిబిరములలోని పసిపిల్లల ఆకలి దస్త్రముల కొరకు ఆగునా?

అదే 1971 సెప్టెంబరులో ఆలెన్ గిన్స్‌బర్గ్ అను అమెరికా కవి కలకత్తాకు వచ్చి, వంగకవి సునీల్ గంగోపాధ్యాయునితో కూడి, వరదనీట మునిగిన జెస్సోరు రోడ్డు వెంబడి సరిహద్దు దిక్కుగా పోయి శిబిరములను చూచెను. పంక్తులను బారెడేసి సాగదీసి, ఛందస్సును తృణీకరించి ప్రసిద్ధుడైన ఆ కవి, ఈ దుఃఖమును చెప్పవలసివచ్చినపుడు అంత్యప్రాసల చిన్న పద్యములనే ఆశ్రయించి, దానిని పాడదగిన పాటగా కూర్చి, డిలన్ తోడ్పాటుతో రికార్డు చేసెను. మనవారికిది వింత కాదు. శోకమునకు లయయే ఆధారమని ఏడుపుపాటలు పాడు మన స్త్రీలకు తెలియును. కాని గిన్స్‌బర్గ్ వంటివాని కది నిజముగా ప్రయోగమే.

ఈ విఖ్యాతుల కథ ప్రపంచ మెరుగును. ఎరుగవలసినంతగా ఎరుగనిది మరియొకటి కలదు. ఢాకా నగరములో ఛాయానట్ అను సంగీతసంస్థను పెంచిన సంజీదా ఖాతూన్, వాహీదుల్ హక్ ప్రభృతులు తామే కాందిశీకులై కలకత్తా చేరి, తోడి గాయనీగాయకులను సమీకరించి ముక్తి సంగ్రామీ శిల్పీ సంస్థను నెలకొల్పిరి. ఈ సంస్థకు చెందిన యువతీయువకులు ఒక లారీ నెక్కి, హార్మోనియమును తబలాలను వేసికొని, శిబిరము శిబిరమునకు, స్వాతంత్ర్యయోధుల దళమైన ముక్తివాహిని విడుదుల కడకు తిరుగుచు పాడిరి. 1967లో పాకిస్తాను ప్రభుత్వము రేడియోనుండి వెలివేయ జూచిన రవీంద్రుని పాటలే వారికి ఆయుధములాయెను. వంగకవి నజ్రుల్ గీతములును, పల్లెపదములును తోడయ్యెను. చిత్రకారుడు ముస్తఫా మన్వర్ నాటి పాకిస్తాను అధ్యక్షుడు యాహ్యాఖానుని బొమ్మను చేసి యాడించి, సర్వస్వము గోల్పోయిన పిల్లలను నవ్వించెను. దాతల నుద్దేశించి పాడుట వేరు, బాధితులే బాధితులకు పాడుట వేరు. ఈ రెండవదియే యుత్తమమని నా మతము. ఆ నజ్రుల్ పేరే మన కాగజ్‌నగర్ సమీపమున తూర్పు బంగాళపు కాందిశీకులు స్థిరపడిన యొక గ్రామమునకు నజ్రుల్‌నగర్ అని నిలిచి యున్నదని ఎందరు తెలుగువారికి తెలియును?

లియర్ లెవిన్ అను అమెరికా ఛాయాగ్రాహకుడు ఆ లారీ వెంట తిరిగి తీసిన చిత్రము ధనాభావముచే పూర్తికాక రెండు దశాబ్దములు మూలపడి యుండగా, తారెక్ మసూద్, కాథరిన్ మసూద్ దంపతులు దానిని వెలికితీసి, 1995లో ‘ముక్తిర్ గాన్’ అను చిత్రముగా విడుదల చేసిరి. మాడిసన్ స్క్వేర్ కచేరి రికార్డును విని యానందించిన పాఠకులు ఈ చిత్రమును గూడ తప్పక చూడవలెనని నా మనవి.