చెవి చూసిన నర్సు

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లొచ్చిన మన పెద్దవాళ్లలో చాలామందికి ఇది అనుభవమే. మనవడికి జ్వరం. రాత్రంతా చెవి పట్టుకుని ఏడ్చాడు. పొద్దున్నే క్లినిక్‌కు తీసుకెళ్తే ఒకావిడ వచ్చి, పిల్లాణ్ని తల్లి ఒళ్లోంచి దింపకుండానే గుండె విని, గొంతు చూసి, చివర్న చెవి చూసి, మందు రాసిచ్చి వెళ్లిపోతుంది. "డాక్టరు గారెప్పుడొస్తారే?" అంటుంది అమ్మమ్మ. "చూసి వెళ్లిందిగా అమ్మా, ఆవిడే. ఎన్‌పీ" అంటుంది కూతురు.

ఎన్‌పీ అంటే నర్స్ ప్రాక్టీషనర్. నర్సింగ్ చదివి, దానిమీద మరో చదువు చదివి, రోగం ఫలానా అని తేల్చి మందు రాసే అధికారం సంపాదించుకున్న నర్సు. ఇప్పుడు ఆ దేశంలో వీళ్లు నాలుగు లక్షల మందికి పైనే ఉన్నారు. 1965కు ముందు ఈ పేరే లేదు. పేరు లేదు గానీ, పని అప్పటికే ఉంది. నన్ను ఈ కథలోకి లాగింది ఆ సంగతే.

ఆ పనికి పేరు తెచ్చినవారిలో ఒకరు లోరెట్టా ఫోర్డ్. ఆమె 1920లో న్యూయార్క్‌లో పుట్టి, పక్కనే న్యూజెర్సీలో పెరిగారు. టీచరు కావాలన్నది ఆమె కోరిక. ఇంట్లో అంత స్తోమత లేదు. నర్సింగ్ అయితే ఆసుపత్రిలో పనిచేస్తూ నేర్చుకోవచ్చు కనుక అటు వెళ్లి, 1941లో డిప్లొమా పుచ్చుకున్నారు. మరుసటి ఏడాదే, పెళ్లాడవలసినవాడు రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోయాడు. ఆమె సైన్యపు వైమానిక విభాగంలో నర్సుగా చేరారు. యుద్ధం ముగిశాక కొలరాడో విశ్వవిద్యాలయంలో చదువు కొనసాగించి, బౌల్డర్ జిల్లాలో ప్రజారోగ్య నర్సుగా కారేసుకుని పల్లెలు తిరిగారు.

ప్రజారోగ్య నర్సు పని ఎలా ఉంటుందో మన పల్లెల్లో ఏఎన్‌ఎం వెంట నాలుగిళ్లు తిరిగినవాళ్లకు చెప్పనక్కర్లేదు. పిల్లల బరువు తూయాలి, టీకాలు వేయాలి, బాలింతను పలకరించాలి, ముసలాయన కాలిపుండు కడిగి కట్టు కట్టాలి. కొలరాడో పల్లెల్లో డాక్టర్ల కొరత. చూసి చూసి నర్సుకు కన్ను కుదిరిపోతుంది. ఈ బిడ్డకు మామూలు జలుబే, ఆ బిడ్డను మాత్రం ఇప్పుడే పట్నం తీసుకెళ్లాలి అని ఇట్టే తెలిసిపోతుంది. తెలిసినా ఆ మాట కాగితం మీద పెట్టడానికి లేదు. రోగం పేరు రాసే హక్కు డాక్టరుది. ఉన్న తెలివిని లేనట్టు దాచుకుంటూ పనిచేయడం ఎంత కష్టమో!

ఫోర్డ్ తర్వాత అదే విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పడానికి వచ్చారు. అక్కడే పిల్లల వైద్యుడు హెన్రీ సిల్వర్ పరిచయమయ్యారు. 1965లో ఇద్దరూ కలిసి ఒక ప్రయోగం మొదలుపెట్టారు. అప్పటికే పట్టా ఉన్న నర్సులకు నాలుగు నెలల గట్టి శిక్షణ, ఆ తర్వాత జనంలోకి వెళ్లి పని. నేర్పింది పిల్లల వైద్యం. ఎదుగుదలను అంచనా కట్టడం, తల్లిని అడిగి బిడ్డ చరిత్ర రాబట్టడం, ఒళ్లంతా పరీక్షించడం, మామూలు జబ్బులను సంభాళించడం.

చెవి సంగతే తీసుకోండి. చంటిబిడ్డ చెవిలోకి ఆటోస్కోపు పెట్టేముందు చెవిని కిందికీ వెనక్కీ లాగాలి. అదే పెద్దవాళ్లకైతే పైకీ వెనక్కీ. చిన్నపిల్లల చెవిదారి వంపు వేరు, సరిగ్గా లాగకపోతే కర్ణభేరి కనిపించదు. ఆరోగ్యంగా ఉంటే అది ముత్యంలా లేత బూడిదరంగులో మెరుస్తుంది. వెనక చీము చేరితే మెరుపు పోయి, ఎర్రబారి బయటికి ఉబుకుతుంది. చెవిని చివర్న చూడడానికీ ఒక కారణముంది. ముందే చెవి ముట్టుకుంటే బిడ్డ ఏడుపు లంకించుకుంటాడు, ఇక గుండె చప్పుడు వినపడదు. ఇందులో నర్సు చేతికి అందని విద్య ఏదీ లేదు. ఎవరైనా నేర్పాలి, చేయనివ్వాలి.

మొదటి విద్యార్థిని సూసన్ స్టియర్లీ. 1967లో 'పీడియాట్రిక్స్' పత్రికలో ఈ ప్రయోగం గురించి వెలువడిన వ్యాసం మీద సిల్వర్, ఫోర్డ్ పేర్ల పక్కన మూడో పేరు ఆమెదే. నేర్చుకున్న నర్సు పేరు నేర్పినవాళ్ల పేర్లతో సమానంగా అచ్చయిందంటే నాకు చాలా సంతోషంగా ఉంటుంది.

డాక్టర్లు అడ్డుపడి ఉంటారని అనుకుంటాం. వాళ్లలో కొందరు అడ్డుపడ్డారు, నిజమే. ముందుగా, గట్టిగా అడ్డుపడింది మాత్రం నర్సింగ్ పెద్దలే. దీనికి ముందే ఒక చేదు కథ ఉంది. 1950ల చివర్లో నార్త్ కరోలినాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో నర్సింగ్ అధ్యాపకురాలు థెల్మా ఇంగిల్స్, వైద్యుడు యూజీన్ స్టెడ్ కలిసి దాదాపు ఇలాంటి శిక్షణే నర్సులకు మొదలుపెట్టారు. నర్సింగ్ చదువులను గుర్తించే సంస్థ నేషనల్ లీగ్ ఫర్ నర్సింగ్ దీనికి గుర్తింపు ఇవ్వలేదు. స్టెడ్ విసిగి నర్సులను వదిలేసి, నౌకాదళంలో వైద్య సహాయకులుగా చేసి వచ్చిన మగవాళ్లను తీసుకున్నారు. 'ఫిజీషియన్ అసిస్టెంట్' అనే వృత్తి అలా పుట్టింది. అదీ 1965లోనే. నర్సుల ముంగిట్లోకి వచ్చిన అవకాశాన్ని నర్సుల సంస్థే గుమ్మంలోంచి వెనక్కి పంపిందన్నమాట.

ఫోర్డ్‌కూ అదే ఎదురైంది. నర్సింగ్ సిద్ధాంతకర్తగా పేరున్న మార్తా రోజర్స్ లాంటివారు ఇది నర్సులను నర్సింగ్‌కు దూరం చేసి డాక్టర్ల పక్కన చిన్నపీట వేసి కూర్చోబెట్టడమేనని వాదించారు. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను. డాక్టరు వదిలేసిన పనులు మోస్తూ బతికిన వృత్తికి ఆ అనుమానం సహజం. ఫోర్డ్ మాత్రం ఇది ముమ్మాటికీ నర్సింగేనని పట్టుబట్టారు. తల్లితో మాట్లాడడం, జబ్బు రాకుండా చూసుకోవడం, ఇంటి పరిస్థితి కనిపెట్టడం ఎప్పటినుంచో నర్సు పనే. దానికి చూపు, చేయి, నిర్ణయం తోడవుతున్నాయంతే. ఆమెదే సరైన మాట అని నా నమ్మకం.

సరిగ్గా పనిచేస్తుందా అన్నదానికి గట్టి రుజువు కెనడా నుంచి వచ్చింది. ఒంటారియోలోని బర్లింగ్‌టన్‌లో ఒక క్లినిక్‌కు వచ్చే 1,598 కుటుంబాలను చీటీలు వేసినట్టుగా రెండు వర్గాలు చేసి, కొందరిని డాక్టర్లకు, కొందరిని నర్స్ ప్రాక్టీషనర్లకు అప్పగించారు. 1974లో ఫలితాలు వెల్లడయ్యాయి. ఆరోగ్యంలో తేడా లేదు. నర్సుల దగ్గరికొచ్చిన సందర్భాల్లో 67 శాతం డాక్టరును అడగకుండానే పరిష్కారమయ్యాయి. క్లినిక్‌కు మాత్రం రాబడి తగ్గింది. కారణం, నర్సు సొంతంగా చేసిన పనికి బిల్లు వేసే వీల్లేదు!

బిల్లు దగ్గరే అసలు చిక్కంతా ఉంది. పని నర్సుది, బిల్లు డాక్టరు పేర. లెక్కల్లో నర్సు కనిపించదు, కనిపించని మనిషికి చట్టమూ ఉండదు. సంఘం అవసరమైంది ఇందుకే. పైగా అమెరికాలో వృత్తి చట్టాలు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రానివే. రోగ నిర్ధారణ, చికిత్స నర్సు పనిలో భాగమేనని 1971లో మొదట ఒప్పుకున్నది ఐడహో. మిస్సోరీలోనేమో డాక్టర్లు రాసిపెట్టిన ఉత్తర్వుల ప్రకారం కుటుంబ నియంత్రణ సేవలు అందిస్తున్న నర్సులు లైసెన్సు లేకుండా వైద్యం చేస్తున్నారని వైద్యమండలి బెదిరించింది. రాష్ట్ర సుప్రీంకోర్టు 1983లో నర్సుల పక్షాన తీర్పిచ్చింది.

1973లో పిల్లల నర్స్ ప్రాక్టీషనర్లు ఒక సంఘం పెట్టుకున్నారు. అన్ని విభాగాలవారికీ కలిపి 1985లో అమెరికన్ అకాడమీ ఆఫ్ నర్స్ ప్రాక్టీషనర్స్, 1993లో మరో సంఘం వచ్చాయి. ఆ రెండూ 2013లో కలిసిపోయి అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ నర్స్ ప్రాక్టీషనర్స్ అయ్యాయి. ఏ ఊళ్లో పనిచేసినా వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికేర్‌కు నేరుగా బిల్లు పంపే హక్కు 1997 చట్టంతో దక్కింది. అదీ డాక్టరుకు ఇచ్చేదాంట్లో 85 శాతమే. సగానికి పైగా రాష్ట్రాలు ఇప్పుడు డాక్టరు పర్యవేక్షణ లేకుండా పనిచేసుకోనిస్తున్నాయి. మిగతా చోట్ల పోరాటం సాగుతూనే ఉంది. ఫోర్డ్ ఇందులో చాలా భాగం కళ్లారా చూశారు. 2025 జనవరిలో, 104 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

మన దగ్గర భారత నర్సింగ్ కౌన్సిల్ 2016లో క్రిటికల్ కేర్ విభాగానికి నర్స్ ప్రాక్టీషనర్ పీజీ కోర్సు తెచ్చింది. నాకు అంతకన్నా దగ్గరగా తోచేది కరీంనగర్. అక్కడి జిల్లా ఆసుపత్రిలో 2017లో తెలంగాణ ప్రభుత్వం ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యూనిసెఫ్‌లతో కలిసి ప్రభుత్వ నర్సులకు మిడ్‌వైఫరీలో, అంటే కాన్పు చేసే విద్యలో, పద్దెనిమిది నెలల శిక్షణ మొదలుపెట్టింది. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం ఆపరేషన్లే. అలాంటి చోట మంత్రసాని ఓపికకు ఆధునిక చదువు జోడించడమంటే చిన్న సంగతి కాదు.

నొప్పులు పడుతున్న అమ్మాయిని మంచానికి కట్టిపడేయకుండా నడిపిస్తుంది ఈ నర్సు. నడుం రాస్తుంది. కాసిని నీళ్లు తాగిస్తుంది. మధ్యమధ్య కడుపు మీద డాప్లర్ పెట్టి బిడ్డ గుండె చప్పుడు లెక్కపెడుతుంది. అంతా సవ్యంగా ఉందని, ఇంకో గంట ఆగుదామని చెప్పేది ఆమే. లెక్క తప్పుతోందనిపించిన నిమిషాన డాక్టరమ్మను పిలవాలని తేల్చేదీ ఆమే.