విమాన దూర గణన: గన్నవరం నుంచి

రెండు విమానాశ్రయాల అక్షాంశ రేఖాంశాలను బట్టి, భూమిమీద వాటి మధ్య అతి దగ్గరి దారి ఎంతో తేల్చే లెక్క ఇది. భూమి గుండ్రంగా ఉంటుంది కాబట్టి ఆ దారి మహావృత్తంలో, అంటే భూకేంద్రమే కేంద్రంగా ఉన్న వృత్తంలో, ఒక ముక్క. గ్లోబుమీద గన్నవరం (విజయవాడ విమానాశ్రయం) దగ్గర దారం కొస నొక్కిపట్టి, రెండో కొసను శాన్‌ఫ్రాన్సిస్కో దాకా బిగించి లాగండి. దారం పసిఫిక్ వైపు పోదు. దాదాపు ఉత్తరంగా లేచి నేపాల్, టిబెట్, మంగోలియా, సైబీరియాల మీదుగా ఆర్కిటిక్ వలయం దాటి, అలాస్కా మీదుగా కిందికి దిగుతుంది. ఆ దారి సుమారు 13,500 కిలోమీటర్లు. మెర్కేటర్ పటంమీద స్కేలు పెట్టి గీసిన గీత వెంట పోతే 15,500 దాటుతుంది.

లెక్కలో మెలికంతా రేఖాంశాల దగ్గరే ఉంది. ఒక డిగ్రీ ఎడం భూమధ్యరేఖ దగ్గర 111 కి.మీ., గన్నవరం దగ్గర 107, శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర 88. ఇది మన సిద్ధాంతులకు ఏనాడో తెలుసు. భూవ్యాసాన్ని 1,600 యోజనాలుగా తీసుకున్న సూర్యసిద్ధాంతం, భూపరిధిని ఆ ఊరి లంబజ్యతో గుణించి త్రిజ్యతో (వ్యాసార్ధంతో) భాగించి స్ఫుటపరిధి, అంటే ఆ ఊరి అక్షాంశవృత్తపు చుట్టుకొలత, కట్టమంటుంది. ఉజ్జయిని రేఖనుంచి ఊరు ఎన్ని యోజనాల దూరమో చూసి, దాన్నిబట్టి దేశాంతర సంస్కారం (ఊరి కాలానికి సవరణ) చేసేవారు. వారు దూరంనుంచి కాలం తీశారు, మనం రేఖాంశంనుంచి దూరం తీస్తున్నాం. నేటి సూత్రంలోని అక్షాంశపు కొసైన్, ఆనాటి లంబజ్యను త్రిజ్యతో భాగిస్తే వచ్చేది ఒకటే. 12వ శతాబ్దిలో మల్లికార్జున సూరి సూర్యసిద్ధాంతానికి తెలుగులో వ్యాఖ్య రాశాడు.

ఊళ్ల స్థానాలు కచ్చితంగా తెలియనిదే సూత్రంతో పనిలేదు. 1802లో బ్రిటిష్ సర్వేయరు లాంబ్టన్ మద్రాసు దగ్గర ఆధారరేఖ కొలిచి త్రికోణ సర్వే మొదలుపెట్టాడు. 1819లో కృష్ణా గోదావరుల నడిమి అడవుల్లో కొలతలు తీస్తూ జ్వరాన పడిన ఆయన సహాయకుడు జార్జి ఎవరెస్టును హైదరాబాదుకు మోసుకెళ్లాల్సి వచ్చింది. ఆ సర్వే కొలతలే ఆధారంగా ఎవరెస్టు 1830లో భూమి ఆకారాన్ని లెక్కగట్టాడు. దాని ప్రకారం భూమధ్యరేఖ దగ్గరి వ్యాసార్ధం 6,377,276 మీటర్లు. నేటి ప్రపంచ ప్రమాణమైన డబ్ల్యూజీఎస్-84లో ఆ విలువ 6,378,137. గొలుసులతో, కోణాలు కొలిచే థియోడొలైట్లతో కొలిచి, ఉపగ్రహాల లెక్కకు కిలోమీటరు కూడా తేడా రాకుండా చేరారు. ఆ మనుషుల ఓర్పుకు చేతులెత్తి మొక్కాలి.

స్థానాలు తెలిశాక దూరం కట్టే సూత్రం కోణంలో సగానికి సైన్ వర్గంమీద నడుస్తుంది. దానికి నావికుల కోసం జేమ్స్ ఇన్‌మన్ 1835లో ‘హేవర్‌సైన్’ అన్న పేరు వాడాడు. గన్నవరం, సింగపూర్‌లకు ఆ సూత్రం కట్టి చూద్దాం. అక్షాంశాల తేడా 15.17 డిగ్రీలు, రేఖాంశాల తేడా 23.19. మొదటి తేడాలో సగానికి సైన్ వర్గం కట్టాలి. రెండో తేడాలో సగానికీ అలాగే కట్టి, రెండు ఊళ్ల అక్షాంశాల కొసైన్లతో గుణించాలి. రెండూ కూడితే 0.0561. దాని వర్గమూలం ఏ కోణానికి సైనో చూసి రెట్టింపు చేస్తే 27.4 డిగ్రీలు. డిగ్రీకి 60 నాటికల్ మైళ్ల చొప్పున సుమారు 1,645, అంటే దాదాపు 3,050 కి.మీ.

ఈ లెక్క భూమిని పూర్తి గోళమనుకుంది, కానీ ధ్రువాల దగ్గర భూమి కాస్త నొక్కుకుపోయి ఉంటుంది. ఆ తేడానూ కలుపుకునే సూత్రాన్ని విన్సెంటీ 1975లో ఇచ్చాడు. 1998నుంచి ప్రపంచ విమానయానానికి డబ్ల్యూజీఎస్-84 ప్రమాణం. అయినా గాలులను, మూసిన గగనతలాలను బట్టి విమానం ఎగిరే దూరం పెరుగుతుంది.

2018 డిసెంబరులో గన్నవరంనుంచి సింగపూర్‌కు నేరుగా విమానం మొదలైంది. సింగపూర్‌నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో సుమారు 13,600 కి.మీ. సింగపూర్‌లో విమానం మారి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లేవారు, బంగాళాఖాతం దాటి వచ్చాక కూడా, దాదాపు ఇంటి దగ్గర బయల్దేరినప్పుడు ఉన్నంత దూరంలోనే ఉంటారు.