అద్దాల పెట్టెలో మేం ఎక్కడ?

జిల్లా కేంద్రంలో ఓ చరిత్ర సంఘం రెండు రోజుల ప్రదర్శన పెడితే పత్రిక పని మీద వెళ్లాం. పాత హాలు. బల్లల మీద తెల్లదుప్పట్లు. శాసనాల నకళ్లు, వీరగల్లుల ఫొటోలు, తాళపత్రాలు, నాణేలు. సాయంత్రం రామప్ప గుడి మీద ఉపన్యాసం. మాట్లాడింది రిటైరయిన ఓ మాస్టారు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ గుడిలో రాయి ఎలా నాట్యమాడిందో చెప్తుంటే హాలంతా చెవులొగ్గి విన్నది. మేమూ విన్నాం. ఆ గుడి మాదీ కదా!

హాలు చివరి బల్ల దగ్గర మాత్రం మాకు కాలు ఆగిపోయింది. అద్దాల పెట్టెలో రెండు కత్తులు, ఓ హుక్కా. కింద చీటీ మీద 'ముస్లిం పాలన' అని రెండే మాటలు. వెయ్యేళ్ల ఊరి చరిత్రలో మేం అంతే.

మా తాత కత్తి పట్టలేదు. ఊరూరా తిరిగి రాగిగిన్నెలకు కళాయి వేశాడు. మా నానీమా హుక్కా తాగలేదు. వేళ్లు వంకరపోయేదాకా బీడీలు చుట్టింది. పాలించింది ఎవరో, పాలకుల కింద పడి నలిగింది ఎవరో ఆ చీటీ చెప్పదు. ఆ కత్తి బరువు మాత్రం ఇవాళ్టికీ మా మెడల మీదే ఉంది.

ఉపన్యాసం అయ్యాక మాస్టారికి సలాం చెప్పి పరిచయం చేసుకున్నాం. చాయ్ చేతికిచ్చి ఆయన ఎంతో మర్యాదగా అడిగారు: "మీవాళ్లు ఇటువైపు ఎప్పుడు వచ్చారండీ?"

ఆయనలో ద్వేషం లేదు. అందుకే ఎక్కువ నొచ్చుకున్నాం. ఎవరినీ అడగని ప్రశ్న మమ్మల్నే ఎందుకు అడుగుతారు?

మేం ఆయన్ని ఇంకో సంగతి అడిగాం. "మాస్టారూ, ఈ రామప్ప గుడి మీద మొదట్లో పుస్తకం రాసినవాళ్లలో గులాం యాజ్దానీ ఒకరని మీకు తెలుసు కదా, ఉపన్యాసంలో ఆ పేరు రాలేదేం?"

యాజ్దానీ 1914లో ఏర్పడిన హైదరాబాద్ రాజ్యపు పురావస్తు శాఖకు అధిపతి. పాలంపేట గుళ్ల మీద ఆయన రాసిన పుస్తకం 1922లో అచ్చయింది. యునెస్కో 2021లో రామప్పను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చడానికి తొంభైతొమ్మిదేళ్ల ముందు మాట అది. ఆయన హయాంలోనే 1920-22 మధ్య ఇటలీ నుంచి నిపుణులను రప్పించి, పెచ్చులు ఊడిపోతున్న అజంతా చిత్రాలకు మరమ్మతు చేయించారు. అజంతా మీద ఆయన సంపుటాలు 1930 నుంచి 1955 దాకా వచ్చాయి. బుద్ధుడి బొమ్మనూ శివుడి గుడినీ కాపాడటంలో ఆయన మతం ఆయనకు అడ్డు రాలేదు. ఆయన్ని గుర్తు చేసుకోవడానికి మనకెందుకు అడ్డొస్తున్నది?

యాజ్దానీని చూపించి నవాబీ మీసం మెలేయాలని మాకేం లేదు. ఆయన సర్కారు ఆఫీసరు. ఆ సర్కారు నీడలోనే దొరల గడీల్లో వెట్టి నడిచింది. మా తాతలకూ జాగీరులేం రాలేదు. మేం అడిగేది ఒక్కటే. పని చేసినవాడి పేరు పని పక్కన ఉండాలి.

ఇందులో మా తప్పూ ఉన్నది. ఉర్దూ జల్సాలకు కూడా మేం పోతుంటాం. అక్కడా కుతుబ్‌షాహీల వైభవం, ఆసఫ్‌జాహీల దర్బారు, బిర్యానీ, అత్తరు. కళాయి వేసినవాడికి అక్కడా కుర్చీ లేదు. ఇబ్రహీం కుతుబ్‌షాకు అద్దంకి గంగాధర కవి తెలుగు కావ్యం అంకితమిచ్చాడని ఆ సభల్లో ఎందరికి తెలుసు? అచ్చతెలుగులో పొన్నగంటి తెలగన రాసిన యయాతి చరిత్ర పటాన్‌చెరు అమీన్‌ఖాన్‌కు అంకితమని ఎవరు చెప్తారు? ఫార్సీ పక్కనే తెలుగు రాసిన కుతుబ్‌షాహీ ఫర్మానాలున్నాయి. ఒకే కాగితం మీద రెండు భాషలు. మనం ఆ కాగితాన్ని మధ్యకు చించి ఒక ముక్క ఒక సభలో, ఇంకో ముక్క ఇంకో సభలో చదువుకుంటున్నాం.

అప్పుడూ అంతే. హైదరాబాద్ ఆర్కియలాజికల్ సొసైటీ ఇంగ్లీషులో జర్నల్ తెచ్చింది. ఆదిరాజు వీరభద్రరావు వంటివారు పనిచేసిన లక్ష్మణరాయ పరిశోధక మండలి 1935లో 'తెలంగాణా శాసనములు' అచ్చువేసింది. ఇద్దరూ ఈ నేల రాళ్లనే చదివారు. వాళ్ల శ్రమను ఒకే బల్ల మీద పెట్టే పని మనకు మిగిలిపోయింది. రెండు భాషలూ వచ్చిన మాలాంటివాళ్లకు మరీ మిగిలింది.

మాస్టారు చాలాసేపు మాట్లాడలేదు. చాయ్ గ్లాసు కింద పెట్టి, "పేరు చెప్పకపోవడం నా పొరపాటే" అన్నారు. తర్వాత మమ్మల్ని ఆ చివరి బల్ల దగ్గరికి తీసుకుపోయారు. "ఈ కత్తులు ఎవరో ఇచ్చారు, పెట్టాం. మీవాళ్లు వేరే ఏదీ తెచ్చివ్వలేదు. వచ్చేసారి ఈ బల్ల మీరే పెట్టండి."

ఆ మాటా నిజమే. మేం పెట్టెలు తెరవలేదు. అనుమానంగా చూసే కాలంలో ఇంటి కాగితం బయటికి తేవాలంటే భయం. 1948 తర్వాత మరఠ్వాడా జిల్లాల నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చిన కుటుంబాలు ఆ సంగతి పిల్లలకే చెప్పుకోలేదు. సభలో ఏం చెప్తాయి? కానీ మేం చెప్పకపోతే మా గురించి కత్తులే చెప్తుంటాయి.

ఇంటికొచ్చి అటక మీది తాత కొలిమితిత్తి దించాం. తోలు ఎండి పగిలింది. తగరం ముక్క ఒకటి డబ్బాలో దొరికింది. చీటీ మీద ఏం రాద్దామని అమ్మీని అడిగాం.

"అబ్బా పేరు రాయండి బేటా. ఆయన తిరిగిన ఊళ్ల పేర్లు రాయండి. ఆ ఊళ్లవాళ్లు వస్తే గుర్తుపడతారు" అంది.

రెండు లిపుల్లోనూ రాస్తున్నాం. ఊళ్లు పన్నెండు తేలాయి. అమ్మీ ఇంకా గుర్తు చేసుకుంటూనే ఉంది.