ఓటమి లేదు, పిలుపూ లేదు

దగ్గరికి జరగండర్రా, ఆ కట్టె కాస్త లోపలికి తొయ్యండి. ఇవాళ ఫుట్‌బాల్ కథ చెబుతా. మన పిల్లలు కాళ్ళతో తన్నే ఆట కాదు, అమెరికా వాళ్ళది. కోలగా ఉండే బంతిని చంకన పెట్టుకుని ఒకడు పరిగెడతాడు, ఎదుటి పక్షం వాళ్ళు మీదపడి కూలదోస్తారు. ఈ కథకి అంత తెలిస్తే చాలు.

నేను శాన్‌ఫ్రాన్సిస్కోకి ఉద్యోగానికి వచ్చిన కొత్తల్లో మా పక్కింటి ముసలాయన ఈ సంగతి చెప్పేవాడు. ఊళ్ళో జెసూయిట్ ఫాదర్లు నడిపే యూనివర్సిటీ ఆఫ్ శాన్‌ఫ్రాన్సిస్కో ఉంది కదా, చిన్న కాలేజీ. వాళ్ళ జట్టుని డాన్స్ అనేవాళ్ళు. ఇది 1951 నాటి మాట, అప్పటికి రెండో ప్రపంచ యుద్ధం ముగిసి ఆరేళ్ళు. సైన్యం నుంచి తిరిగొచ్చినవాళ్ళకి ప్రభుత్వమే చదువు ఖర్చు పెట్టుకునేది. అలా వచ్చినవాళ్ళలో జీనో మార్కెట్టి ఒకడు. ఇటలీ నుంచి వలస వచ్చిన కుటుంబం వాడిది. పద్దెనిమిదేళ్ళకే సైన్యంలో చేరి, మంచులో జరిగిన బల్జ్ యుద్ధం చూసొచ్చాడు. అలాంటివాడికి కాలేజీ ఆటలో ఎదుటివాడు ఎంత లావుంటే మాత్రం ఏం లెక్క? ఇంకొకడు బాబ్ సెయింట్ క్లెయిర్. ఆరున్నర అడుగులు దాటిన మనిషి. మాంసం పచ్చిగా తినేవాడు. అబద్ధం కాదర్రా, అందరికీ తెలిసిన సంగతే.

జట్టుకి ప్రాణం మాత్రం ఓలీ మాట్సన్. నల్లవాడు. 1951లో దేశం మొత్తం మీద కాలేజీ ఆటగాళ్ళలో బంతితో ఎక్కువ గజాలు పరిగెత్తింది వాడే, 1,566 గజాలు. న్యూయార్క్ వెళ్ళి ఫోర్డ్‌హామ్ మీద ఆడినరోజు ఆట మొదలెట్టే తాపులో వచ్చిన బంతి పట్టుకుని రెండుసార్లు మైదానం ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళిపోయాడు. రెండూ తొంభై గజాలకి తగ్గని పరుగులే. అయినా ఆ ఆట 32-26తో గట్టెక్కింది, అంత బిగువుగా సాగింది. పక్కింటాయన ఇది చెప్పేటప్పుడు కుర్చీలో కూర్చోలేకపోయేవాడు, లేచి నిలబడేవాడు. మరో నల్లవాడు బర్ల్ టోలర్, దక్షిణాదిలోని మెంఫిస్ వాడు. ఎదుటివాడి ఆట ఆపడంలో వాడి తర్వాతే ఎవడైనా.

కోచ్ జో కుహారిచ్ ఆ సీజన్ మొత్తం వీళ్ళ చేత చెమటోడ్పించాడు. తొమ్మిది ఆటలు, తొమ్మిదీ గెలుపే. కాలేజ్ ఆఫ్ పసిఫిక్‌ని 47-14తో చిత్తు చేశారు. ఆఖరిది లొయోలా మీద, 20-2. ఇంకేముంది, కొత్త సంవత్సరం నాడు జరిగే పెద్ద బౌల్ పోటీకి పిలుపు వస్తుందనుకున్నారు. ఆరెంజ్, షుగర్, గేటర్ బౌల్ పోటీలు మూడూ దక్షిణాదివే. మయామీ, న్యూ ఓర్లీన్స్, జాక్సన్‌విల్‌లలో జరుగుతాయి. కబురొచ్చింది, కానీ ఎలా వచ్చిందంటే, మా ఇంట్లో పెళ్ళికి రండి, మీ ఇంట్లో ఆ ఇద్దర్నీ మాత్రం తీసుకురాకండి అన్నట్టు. నల్లవాళ్ళు కాబట్టి మాట్సన్‌నీ టోలర్‌నీ వదిలేసి రమ్మన్నమాట.

పిల్లలు దాని మీద సభా పెట్టలేదు, ఓట్లూ వేసుకోలేదు. రామన్నారు, అంతే. వాళ్ళు ఆ మాట తేలిగ్గా అన్నారని మాత్రం అనుకోకండి. ఆ వయసులో బౌల్ ఆట అంటే జన్మకొక్కసారి దక్కే అదృష్టం.

నిర్వాహకులు పైకి చెప్పుకున్నది వేరు. వీళ్ళు ఆడిన జట్లన్నీ బలహీనమైనవట! నాకు ఇక్కడే ఒళ్ళు మండుతుంది. వీళ్ళ చేతిలో 33 పాయింట్ల తేడాతో ఓడిన పసిఫిక్‌కి ఆ ఏడాదే సన్ బౌల్ పిలుపు వచ్చింది. ఓడినవాడు పనికొచ్చాడు, ఓడించినవాడు పనికిరాలేదు.

అసలు దెబ్బ డబ్బు దగ్గర తగిలింది. ఈ సంగతి చాలామంది చెప్పరు, గౌరవం గురించి చెప్పి ఊరుకుంటారు. కాలేజీకి ఆ జట్టుని పోషించే తాహతు అప్పటికే లేదు. గోల్డెన్ గేట్ పార్కు మూలనున్న కేజార్ స్టేడియంలోనే ఫార్టీ నైనర్స్ అనే ప్రొఫెషనల్ జట్టు కూడా ఆడుతుండేది. జనం టిక్కెట్టు డబ్బులు అటు పోయాయి. టీవీలు కూడా ఇళ్ళల్లోకి వస్తున్నాయి. పక్కనున్న సెయింట్ మేరీస్ కాలేజీ ఏడాది ముందే ఫుట్‌బాల్ మానుకుంది, శాంటా క్లారా ఆ తర్వాతి ఏడాది మానుకుంది. వీళ్ళకి బౌల్ సొమ్ము వచ్చి ఉంటే ఇంకొన్నాళ్ళు లాక్కొచ్చేవాళ్ళేమో. రాలేదు. తొమ్మిదికి తొమ్మిదీ గెలిచిన జట్టుని ఆ సీజన్ కాగానే కాలేజీ ఎత్తేసింది. సెయింట్ క్లెయిర్‌కి ఇంకా చదువు మిగిలి ఉంటే, ఆట కోసం టల్సా వెళ్ళాల్సొచ్చింది.

మాట్సన్ మరుసటేడు హెల్సింకీ ఒలింపిక్స్‌లో 400 మీటర్లలో కాంస్యం, రిలేలో వెండి తెచ్చుకున్నాడు. వాడూ, మార్కెట్టీ, సెయింట్ క్లెయిరూ ముగ్గురూ తర్వాత ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎక్కారు. ఆ రోజుల్లో జట్టు గురించి పత్రికలకి వార్తలు రాసి పంపే కుర్రాడు పీట్ రోజెల్. 1960లో ప్రొఫెషనల్ జట్ల లీగు ఎన్‌ఎఫ్‌ఎల్ మొత్తానికే కమిషనర్ అయ్యాడు.

టోలర్‌కి మాత్రం 1952లోనే మోకాలు పోయింది, ప్రొఫెషనల్‌గా ఒక్క ఆటా ఆడలేదు. బడిపంతులయ్యాడు, శాన్‌ఫ్రాన్సిస్కోలోనే హెడ్‌మాస్టరయ్యాడు. 1965లో ఎన్‌ఎఫ్‌ఎల్ వాళ్ళు వాణ్ణి ఆట నడిపే అధికారిగా తీసుకున్నారు. ఆ పనిలోకి వచ్చిన మొదటి నల్లవాడు వాడే. మైదానంలోకి రావొద్దన్న మనిషే 1980లో ఆ లీగు ఆఖరి పోటీ సూపర్ బౌల్‌లో అధికారిగా నిలబడ్డాడు.