మన్యానికి దారి: వందేళ్ల సింహావలోకనం

విశాఖ మన్యంలో రోడ్డు కథ వెట్టితో మొదలవుతుంది. 1920ల ఆరంభంలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండమీదికి రోడ్డు వేయిస్తూ, కూలి సరిగా ఇవ్వకుండా గిరిజనుల చేత రాళ్లు మోయించాడు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం అప్పటికే పోడుకు అడ్డం పడి ఉంది. ఆ కడుపుమంటకు అల్లూరి సీతారామరాజు నాయకత్వం తోడైంది. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరుసగా దాడులు జరిగాయి. మన్యం తిరుగుబాటు అనగానే మనకు అడవి గుర్తుకొస్తుంది. దాని వెనక ఒక రోడ్డు కూడా ఉందని మరచిపోకూడదు.

స్వాతంత్ర్యం వచ్చాక 1960లలో కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం పడింది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి జపాన్‌కు పంపడానికి కొండలను తొలిచి సొరంగాలు తవ్వారు. అరకులోయకు రైలు వచ్చింది గానీ, పక్క కొండమీది గూడెంవాళ్లు పసుపు, అడ్డాకులు మోసుకుని సంతకు నడిచే వెళ్లారు. ఆర్టీసీ బస్సు పాడేరు, చింతపల్లి వంటి పెద్ద ఊళ్లకు చేరింది. ఆపైన జీపులే దిక్కు. జీపు ఆగిన చోటు నుంచి కాలినడక.

అసలు మలుపు 2000 డిసెంబరు 25న వచ్చింది. ఆ రోజు మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన, పల్లెకు రోడ్డు రావడానికి ఒక కొలత పెట్టింది: మైదానంలో 500 మంది, కొండ, గిరిజన ప్రాంతాల్లో 250 మంది. ఈ పథకం దేశంలో లక్షల కిలోమీటర్ల రోడ్లు వేసింది, అది చిన్న మేలు కాదు. కానీ మన్యం ఆ కొలతలో ఇమడదు. ఇక్కడ ఒక్క పంచాయతీ కింద ఎన్నో శివారు గూడేలు వేర్వేరు గట్ల మీద ఉంటాయి. నీటి ఊట ఉన్నచోట పాతిక గడపలు, పోడు ఉన్నచోట పది గడపలు. వాటిలో చాలావాటికి 250 మంది ఏనాటికీ ఉండరు. దారి లేక పిల్లలున్నవాళ్లు కిందికి దిగిపోతే ఆ కొద్ది జనమూ తగ్గుతుంది. జనం తగ్గితే రోడ్డు ఇంకా దూరమవుతుంది. నా దృష్టిలో ఈ కొలతకున్న పెద్ద అన్యాయం ఇదే.

ఈ అన్యాయాన్ని మోస్తున్నది డోలీ. కర్రకు దుప్పటి కట్టి, అందులో నొప్పులు పడుతున్న గర్భిణిని కూర్చోబెట్టి, వాగులు దాటి కిలోమీటర్ల కొద్దీ మోసుకెళ్లే దృశ్యం పత్రికల్లో ఇప్పటికీ ఆగలేదు. 108 అంబులెన్సు 2005లోనే వచ్చింది, కానీ అది తారురోడ్డు చివర ఆగుతుంది. ఆ మిగిలిన దూరం కోసం బైకు అంబులెన్సులు పెట్టారు. వాన పడితే జారుడు గట్టు మీద అవీ ఎక్కవు.

రోడ్డు అడిగితే అటవీ అనుమతి రాలేదన్న జవాబు కూడా తరచు వినిపిస్తుంది. 2006 అటవీ హక్కుల చట్టంలోని 3(2) సెక్షన్, గ్రామసభ సిఫారసు చేస్తే, ఒక హెక్టారు లోపు అటవీ భూమిని రోడ్డుకు ఇవ్వవచ్చంటుంది. దాన్ని పూర్తిగా వాడుకుంటే చాలా చిక్కులు విడతాయి.

కొలత కొంత సడలిన మాట నిజమే. 2023లో వచ్చిన పీఎం జన్‌మన్, కోదులు, గదబలు వంటి అతి వెనుకబడిన తెగల గూడేలకు వంద మంది ఉన్నా రోడ్డు ఇస్తానంది. 2024లో ఆమోదం పొందిన సడక్ యోజన నాలుగో దశ మాత్రం పాత 2011 జనాభా లెక్కలనే ఆధారం చేసుకుంది. వంద మంది కూడా లేని గూడేలు ఈ కొలతలకు ఇంకా అందవు.

ఇప్పుడు 2027 జనగణన ముందుంది. రెవెన్యూ గ్రామం మొత్తానికి ఒకే అంకె వేసి ఊరుకోకుండా, ప్రతి గూడెం జనాన్ని దాని సొంత పేరుతో విడిగా ప్రకటించాలి. రోడ్డుకు తలల లెక్కతో పాటు ఆసుపత్రి దూరాన్నీ కొలతగా తీసుకోవాలి. పాడేరు, అరకు ప్రజాప్రతినిధులు ఈ రెండు కోర్కెలనూ చట్టసభల్లో గట్టిగా అడగాలి.