గర్భిణి పడక: ఒక పాత నియమము

నెలలు నిండిన కూతురు పురిటికి పుట్టింటికి వచ్చిన నాటి నుండి తల్లికి నిదుర పలుచబడును. రాత్రి రెండు మూడు మారులు లేచి, పిల్ల ఏ వైపునకు తిరిగి పరుండినదో చూచును. వెల్లకిల పరుండినచో తట్టి లేపును. ప్రక్క మారవలెనన్న దొర్లరాదు. లేచి కూర్చుండి, పిమ్మట రెండవ వైపునకు ఒరగవలెను. కారణమడిగినచో బిడ్డ మెడకు పేగు చుట్టుకొనునని చెప్పును. మన ఇండ్లలో ఈ మాట వినని వారు అరుదు. అది ఎంత పాతదో ఎరిగిన వారు మరింత అరుదు.

చరకసంహిత శారీరస్థానము ఎనిమిదవ అధ్యాయములో ఈ మాటయే కలదు. గర్భిణి వెల్లకిల పరుండినచో శిశువు నాభినంటియున్న నాడి కంఠమును చుట్టుకొనునని అందు చెప్పబడినది. అనగా మన అమ్మమ్మల మాటకు పదిహేనువందల ఏండ్లకు తక్కువ కాని వయస్సున్నది. ఎల్లప్పుడు నిద్రించు గర్భిణికి మందబుద్ధి పుట్టునని కూడ అక్కడనే యున్నది కాని, దానిని మనము చిరునవ్వుతో దాటిపోవచ్చును. సుశ్రుతుడు చెప్పినది మాకు ఎక్కువ నచ్చినది. గర్భిణి పడక మెత్తని పరుపు కలదై, మిక్కిలి ఎత్తు కానిదై, ఆనుకొనుటకు ఆధారము కలదై, ఇరుకు లేనిదై యుండవలెనట. కుంగిపోయిన నులక మంచముపై నడుము నొప్పితో తెల్లవార్లు మెలకువగా గడపిన ఇల్లాండ్రకు ఈ వాక్యము విలువ తెలియును. నేడు వీపు వెనుక పెట్టుకొను దిండు ఆ ఆధారమే కదా!

వెల్లకిల పరుండుటలోని కీడును పాశ్చాత్య వైద్యులు వేరొక దారిన కనుగొనిరి. 1953లో హోవర్డ్, గుడ్‌సన్, మెంగర్ట్ అను అమెరికా వైద్యులు ఒక వ్యాసము ప్రకటించిరి. కడపటి నెలలలో కొందరు స్త్రీలు వెల్లకిల పరుండగానే రక్తపు పోటు పడిపోయి, ముఖము పాలిపోయి, చెమటలు పట్టి సొమ్మసిల్లుచుండిరి. ప్రక్కకు త్రిప్పినచో తేరుకొనుచుండిరి. బరువెక్కిన గర్భాశయము, వెన్నెముక ప్రక్కగా గుండెకు రక్తమును చేర్చు పెద్ద సిరను అదుముటయే దీనికి కారణము. 1964లో కెర్, ఆయన సహచరులు బ్రిటనులో ఎక్స్-రే చిత్రముల మూలమున ఆ సిర మూసుకొనిపోవుటను కన్నులకు కట్టినట్లు చూపిరి.

తల్లి సంగతి అట్లుండగా, బిడ్డ మాట ఏమి? ఈ ప్రశ్నకు మరి అర్ధ శతాబ్దము పట్టినది. 2011లో న్యూజీలాండులోని ఆక్లండు పరిశోధకులు కడుపులోనే బిడ్డను పోగొట్టుకొన్న 155 మంది స్త్రీలను, 310 మంది ఇతర గర్భిణులతో పోల్చి చూచిరి. 2019లో అట్టి ఐదు పరిశోధనల లెక్కలు ఒకచోట చేర్చబడినవి. 28 వారములు దాటిన పిమ్మట వెల్లకిల నిద్రకు ఉపక్రమించు వారికి ఆ ప్రమాదము సుమారు రెండున్నర రెట్లని తేలినది. ప్రమాదము స్వతహాగా స్వల్పమైనదే; కనుక భయపడవలసినది లేదు. ఎడమ ప్రక్కయే మేలని చాలకాలము చెప్పుచుండిరి. ఈ లెక్కలలో కుడి ప్రక్క కూడ అంత క్షేమమే. లెక్కకు వచ్చునది కన్ను మూసినప్పటి భంగిమ. నడిరేయి మెలకువ వచ్చి వెల్లకిల ఉన్నట్లు తోచినచో, ప్రక్కకు తిరిగి మరల నిద్రించిన చాలును.

నియమము నిలిచినది, చెప్పిన కారణము నిలువలేదు. పేగు చుట్టుకొనుట తల్లి పడకను బట్టి కాదు, ఉమ్మనీటిలో బిడ్డ తిరుగాడుటను బట్టి. నూటికి ఇరువది ముప్పది కాన్పులలో అది కనబడును. పెక్కు మారులు ఏ హానియు జరుగదు. అట్లు పుట్టిన శిశువు మేనమామకు గండమని, ముందుగా నూనెలో ముఖము చూపు ఆచారము మనలో నేటికిని కలదు. మేనమామలు దీనిని నవ్వి ఊరకుందురు. తల్లికి నవ్వు రాదు.

మాకు వచ్చిన ఉత్తరములలో ఒకటి ఇట్టిదే. మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు, మెడకు పేగున్నదట. నీవు వెల్లకిల పరుండుట వలననే అని ఇంటివారు నాలుగేండ్లుగా ఆమెను దెప్పుచున్నారు. ఇప్పుడామెకు మరల ఏడవ నెల. ఏ వైపునకు పరుండవలెనని మాత్రమే ఆమె అడిగినది. కుడి ఎడమలలో ఏదైనను సరే, మోకాళ్ళ నడుమ ఒక దిండు ఉంచుకొనుడనియు, పాత కాన్పు సంగతి వైద్యురాలికి తప్పక చెప్పుడనియు వ్రాసితిమి. ఆమె అడుగని దానికి కూడ జవాబు వ్రాసి, దానిని ఇంటివారికి చదివి వినిపించుమని కోరితిమి.