ఈదంతా వడికింది

పొందూరు ఖాదీ చరిత్ర అనగానే కొన్ని పేర్లు వరసగా వస్తాయి. ఈ నూలు సన్నదనం గురించి విని గాంధీ తన కొడుకు దేవదాస్‌ను పొందూరు పంపాడంటారు. అక్కినేని నాగేశ్వరరావు కట్టిన పంచె గురించి చెబుతారు. 1949లో ఏర్పడిన ఆంధ్రా ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం సంగతి చెబుతారు. నేతగాళ్ళ నైపుణ్యానికీ కాస్త చోటుంటుంది. నూలు వడికినవాళ్ళు మాత్రం 'మహిళలు' అన్న ఒక్క బహువచనంలో సర్దుకోవాలి. ఎనభై దాటి, 2022లో చనిపోయిన మా మామ్మ కూడా ఆ బహువచనంలోనే ఉంది.

సన్నఖాదీకి వడకడమంటే రాట్నం తిప్పడం ఒక్కటే కాదు. కొండపత్తిని ముందు వాలుగ చేప దవడ ఎముకతో దువ్వాలి. ఆ దవడకుండే సన్నటి పళ్ళు గింజను పట్టుకున్న పోగుల్ని సాపు చేసి, నలకల్ని తీసేస్తాయి. తర్వాత చెక్క మీద పరిచి, ఇనప కడ్డీ దొర్లించి గింజ తియ్యాలి. వింటితో ఏకాలి. చుట్టిన ఏకులు నలగకుండా ఎండిన అరటి బోదె పొరలో దాచుకోవాలి. ఇదంతా అయ్యాకే రాట్నం. నంబరు పెరిగేకొద్దీ నూలు సన్నమవుతుంది. ఒంటికదురు రాట్నం మీద నూరో నంబరు నూలు తియ్యాలంటే, కుడిచెయ్యి చక్రం తిప్పుతుండగా ఎడమచెయ్యి ఏకును ఎంత వదలాలో వేళ్ళకే తెలియాలి. అత్తగారి పక్కన కూచుని నేర్చుకున్న ఈ విద్యను ఏ బడీ విద్య అనలేదు.

పరిశోధన చేస్తున్న రోజుల్లో టేప్ రికార్డర్ పెట్టి అడిగాను: "గాంధీగారి మీద భక్తితో వడికేవారా మామ్మా?" నవ్వింది. "గాంధీ కోసవేటే బుల్లీ! రేతిరికి బియ్యం కోసం వడికినాను."

ఈ జవాబును ఖాదీ చరిత్ర పక్కన పెట్టి చూడాలి. 1925లో అఖిల భారత చరఖా సంఘం పుట్టింది. వడకడం పేద స్త్రీ తీరిక వేళల్లో చేసుకునే పని అనే భావన దాని వెనక ఉంది. తీరిక పనికి ఇచ్చేది కూలి కాదు, ఏదో ఆసరా. పదేళ్ళకు, 1935లో, గాంధీయే ఈ అన్యాయాన్ని గుర్తించి, ఎనిమిది గంటలు వడికితే ఎనిమిది అణాలివ్వాలన్నాడు. సంఘం అంత దూరం వెళ్ళలేకపోయింది. కూలి పెంచితే గుడ్డ ధర పెరుగుతుంది, కొనేవాళ్ళు తగ్గుతారన్నది భయం. కొనేవాళ్ళ దేశభక్తి బరువును వడికేవాళ్ళ కూలి మొయ్యాల్సి వచ్చిందన్నమాట!

అసలు మామ్మకు తీరిక ఎప్పుడుంది? వంట, నీళ్ళు, గొడ్లు, పిల్లలు అయ్యాక మిగిలిన నిద్రలోంచి తీసిందే ఆ నూలు. ముప్ఫై ఏళ్ళు నిండకుండా భర్త పోతే ముగ్గురు పిల్లల్ని ఆ కదురు మీదే పెంచింది. డబ్బు ఏనాడూ చాలలేదు. అయినా రాట్నం డబ్బుల్ని కొడుకుల చేతికివ్వలేదు. ఆడపిల్లను బడికి పంపింది ఆ డబ్బుతోనే. దోపిడీ, స్వతంత్రం ఒకే పోగులో పెనవేసుకున్న ఈ జీవితాన్ని త్యాగమన్న మాటతో కొలవలేం.

శ్రీకాకుళం స్త్రీలు చరిత్రలో లేరని కాదు. 1940లో మందస జమీందారీలో పోలీసు కాల్పులకు బలైన సాసుమాను గున్నమ్మను, 1969లో చంపబడిన పంచాది నిర్మలను మనం గుర్తుంచుకున్నాం. గుర్తుంచుకోవాలి కూడా. కానీ గుండు తగిలితే తప్ప స్త్రీ పేరు చరిత్రకెక్కదా? స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు, తెలంగాణా పోరాటంలోని స్త్రీల మాటల్నే చరిత్రకు ఆధారం చేసింది. రోజూ చేసే పనికీ ఆ గౌరవం దక్కాలి.

మామ్మ పేరు ఇక్కడ రాద్దామనుకుని ఆగాను. టేపులో ఒకచోట ఆమే అంది: "నానొక్కదాన్నేటే, ఈదంతా వడికింది." ఆ వీధిలో వడికిన చేతులు ఇంకా కొన్ని మిగిలున్నాయి. రాయాల్సింది ఆ వీధి పేర్లన్నీ. వాళ్ళుండగానే అడిగి రాయాలి.